పేరు మనది, ట్యాంకు వాళ్లది

మా ఒంగోలు అక్క కొడుకు బీరు బ్రాండు పెట్టాలనుకుంటున్నాడు. బ్రూవరీ కట్టడు. కట్టేంత డబ్బు మా రెండు కుటుంబాల్లో ఎవరి దగ్గరా లేదు. ఇంకొకరి బ్రూవరీలో తన రెసిపీతో బీరు చేయించుకుని, తన పేరు వేసి అమ్ముతాడు. దీన్ని కాంట్రాక్ట్ బ్రూయింగ్ అంటారు. నేను హైదరాబాద్ అవతల ఒక బ్రూవరీ క్వాలిటీ ల్యాబులో ఏళ్ల తరబడి పనిచేసి, ఇప్పుడు కావలిలో ఉంటున్నాను. అందుకని వాడి సందేహాలన్నీ నా ఫోనుకే వస్తాయి. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఆలోచన ఉన్న పిల్లలు మన జిల్లాల్లో ఇంకొందరు ఉన్నారని నాకు తెలుసు.

మన వైపు వాళ్లకి ఈ ఏర్పాటు అర్థం కావాలంటే ధాన్యం మరపట్టించడం గుర్తు తెచ్చుకుంటే చాలు. ధాన్యం మనది, మర మిల్లువాడిది, కూలి మనం ఇస్తాం, తవుడూ నూకలూ ఎవరికి పోవాలో ముందే మాట్లాడుకుంటాం. బీరులోనూ అంతే. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, గోధుమ లాంటి ధాన్యం), హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు), సీసాలు, లేబుళ్లు, మూతల ఖర్చు బ్రాండు వాళ్లది. ఉడికించడం, పులియబెట్టడం, నింపడం బ్రూవరీది. కేసుకి ఇంత అని చార్జీ.

కానీ పెద్ద తేడా ఒకటుంది. మిల్లులో ఉన్నంతసేపూ ఆ ధాన్యం మీదేనని అందరూ ఒప్పుకుంటారు. బ్రూవరీ ట్యాంకులో ఉన్న బీరు మాత్రం ఎక్సైజ్ శాఖ దృష్టిలో బ్రూవరీది. లైసెన్సు వాళ్ల పేరు మీద ఉంది, తయారీదారు వాళ్లు, లెక్క చెప్పాల్సింది వాళ్లు. డబ్బంతా పెట్టిన మా వాడు ఆ రికార్డుల్లో లేబులు మీద ఒక పేరు మాత్రమే. అందుకే మొదటి రోజే చెప్పాను: "నాయనా, నీకున్న బలమంతా ఆ అగ్రిమెంటు కాగితంలోనే ఉంటుంది. అందులో లేనిది నీకు లేనట్టే."

"అయితే ఇది చిన్నవాళ్లు చేసే పని కాదా పిన్నీ?" అన్నాడు. కాదని నేను అనలేదు. అమెరికాలో జిమ్ కోక్ 1984లో సామ్యూల్ ఆడమ్స్ అనే బీరు మొదలుపెట్టినప్పుడు సొంత బ్రూవరీ లేదు. పిట్స్‌బర్గ్‌లో ఒక పాత బ్రూవరీకి పని తక్కువగా ఉంటే అక్కడ చేయించుకున్నాడు. న్యూయార్క్‌లో 1988లో మొదలైన బ్రూక్లిన్ లాగర్ కూడా ఆ ఊళ్లో తయారైంది కాదు, అదే రాష్ట్రంలో ఎక్కడో ఉన్న యుటికా అనే ఊరి బ్రూవరీలో తయారైంది. డెన్మార్క్ వాళ్ల మికెలర్ అనే బ్రాండు 2006లో పుట్టినప్పుడు దానికి ఒక్క ట్యాంకు కూడా లేదు. బెల్జియంలో డి ప్రూఫ్ అనే బ్రూవరీ ఇలా బయటివాళ్లకి చేసిపెట్టడమే ప్రధాన వృత్తిగా పెట్టుకుంది, మికెలర్ బీర్లు ఏళ్ల తరబడి చాలావరకు అక్కడే తయారయ్యాయి. మన దగ్గర బీరా 91 మొదట బెల్జియంలో చేయించుకుని దిగుమతి చేసుకుంది, తర్వాతే ఇక్కడ తయారీ మొదలుపెట్టింది. వీళ్లంతా తమ రెసిపీ ఏమిటో, బీరు ఎలా ఉండాలో బ్రూవరీ కంటే బాగా తెలిసినవాళ్లు. అది తెలియకుండా పేరు ఒక్కటే పట్టుకుని వెళ్లినవాళ్లకి బ్రూవరీ తన మామూలు లాగర్‌నే, అంటే షాపుల్లో ఎక్కువగా దొరికే రకం బీరునే, ఇంకో లేబులు అంటించి ఇస్తుంది. అది మోసం కూడా కాదు, వాళ్లు అడిగింది అదే కాబట్టి.

ఇక లెక్క. మా వాడు బెంగళూరులో ఒక మైక్రోబ్రూవరీలో (చేసిన చోటే అమ్మే చిన్న బ్రూవరీ) పనిచేశాడు. అక్కడ ఒకసారి చేస్తే వెయ్యి లీటర్లు. వాడు మాట్లాడుతున్న బ్రూవరీలో చిన్న ట్యాంకే 500 హెక్టోలీటర్లు, అంటే 50,000 లీటర్లు. 650 మిల్లీలీటర్ల సీసాలు పన్నెండు పడితే ఒక కేసు, కేసుకి 7.8 లీటర్లు. తరుగు తీసేసినా ఒక్క ట్యాంకుకి ఆరు వేల కేసులు వస్తాయి. మన దగ్గర బీరు సీసా మీద మామూలుగా ఆరు నెలల గడువు ఉంటుంది. ఆ ఆరు నెలలూ ఎక్కడ గడుస్తాయన్నది అసలు ప్రశ్న. మే నెలలో నెల్లూరులోనో ఒంగోలులోనో రేకుల గోడౌనులో పెట్టిన బీరు త్వరగా పాతబడుతుంది, తడిసిన అట్ట వాసన వస్తుంది. అందుకని ఆరు వేల కేసుల్ని మూడు నెలల్లో అమ్మగలవా అని అడిగాను. ఫోన్లో చాలాసేపు మాట లేదు.

సగం ట్యాంకు నింపమంటే బ్రూవరీ ఒప్పుకోదు. ఒప్పుకున్నా పూర్తి ట్యాంకు చార్జీ అడుగుతుంది. వాళ్లు చూసేది లీటర్లు కాదు, ట్యాంకు ఎన్ని రోజులు ఖాళీ లేకుండా ఉంటుందన్నది. లాగర్ అయితే పులియడం, చల్లబరిచి పరిపక్వం కావడం కలిపి రెండు మూడు వారాలు పడుతుంది. మా వాడు చేస్తానంటున్న గోధుమ బీరు అంతకంటే త్వరగా తయారవుతుంది. అందుకే వాడికి బేరమాడే అవకాశం కొంచెం ఉంది, ఆ మాట అడగమని చెప్పాను.

బేరం కుదిరాక కూడా మార్చి నుంచి జూన్ దాకా వేరే గొడవ ఉంటుంది. ఎండాకాలంలో బ్రూవరీ తన సొంత సరుకూ, పెద్ద కంపెనీల సరుకూ చేసుకోవడానికే ట్యాంకులు చాలవు. చిన్న బ్రాండు వాళ్లకి "వచ్చే వారం, ఆ పై వారం" అంటారు. బీరు అమ్ముడుపోయే నాలుగు నెలలూ అవే. ఆ నాలుగు నెలల్లో సరుకు లేని బ్రాండుని షాపువాళ్లు మర్చిపోతారు. అందుకే అగ్రిమెంటులో సంవత్సరానికి ఇన్ని బ్యాచులు అని రాస్తే సరిపోదు. ఏ నెలలో ఏ తేదీకి ట్యాంకు ఖాళీ చేసి ఇస్తారో, ఇవ్వకపోతే ఏమి చెల్లిస్తారో రాయించుకోవాలి.

రుచి విషయానికి వస్తే, నేను పనిచేసింది అక్కడే కాబట్టి ఇంకొంచెం వివరంగా చెప్తాను. వెయ్యి లీటర్ల రెసిపీని యాభైతో గుణిస్తే అదే బీరు రాదు. పెద్ద కెటిల్‌లో ఉడికిన రసాన్ని చల్లబరచడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆ వేడిలో హాప్స్ ఇంకా చేదు వదులుతూనే ఉంటాయి. అందువల్ల హాప్స్ తగ్గించుకోవాలి. ఎత్తైన ట్యాంకు అడుగున ఒత్తిడి ఎక్కువ, ఆ ఒత్తిడిలో ఈస్ట్ (బీరుని పులియబెట్టే సూక్ష్మజీవి) పండ్ల వాసనలు తక్కువగా ఇస్తుంది. గోధుమ బీరులో జనం ఇష్టపడేదే ఆ అరటిపండు వాసనా, లవంగం వాసనా. మొదటి బ్యాచ్‌లో అది తగ్గితే ఉష్ణోగ్రత మార్చి సరిచేసుకోవాలి. అంటే మొదటి బ్యాచ్‌ని సరిచూసుకోవడానికేనని ముందే అనుకుని డబ్బు పక్కన పెట్టుకోవాలి.

ఆ ఈస్ట్ దగ్గరే అసలు పేచీ వస్తుంది. గోధుమ బీరుకి లవంగం వాసన తెచ్చే ఈస్ట్ పైపుల్లోనో, అతుకుల దగ్గరుండే రబ్బరు గాస్కెట్లలోనో కొంచెం మిగిలిపోయి, ఆ తర్వాత అదే లైనులో వెళ్లే లాగర్‌లో కలిస్తే ఆ లాగర్ పాడైనట్టే. బ్రూవరీ భయపడటంలో న్యాయం ఉంది, నేనైనా భయపడతాను. అందుకని "మా ఈస్ట్‌తోనే చేసుకోండి" అంటారు. ఒప్పుకోకూడదు. ఈస్ట్ మారితే అది ఇంకో బీరు. దానికి బదులు మనమే ముందుగా చెప్పాలి: మా బ్యాచ్‌కి గొట్టాలు వేరే పెట్టండి, పని అయ్యాక వేడి కాస్టిక్ సోడా నీళ్లతో కడగండి, గాస్కెట్లు మార్చండి, లోపల దూదిపుల్లతో తుడిచి ఈస్ట్ మిగిలిందేమో చూసే స్వాబ్ పరీక్ష చేసి రిపోర్టు రాయండి, ఆ ఖర్చు మేము ఇస్తాం. ఈ మాటలు విన్నాక ల్యాబులో ఉన్నవాళ్లు మిమ్మల్ని చూసే చూపు మారుతుంది. పని తెలిసిన మనిషి వచ్చాడని వాళ్లకి నమ్మకం కలుగుతుంది.

బీరు ఎలా ఉండాలో అంకెలతో రాసే స్పెసిఫికేషన్ షీటు గురించి కూడా ఇంతే పట్టుదలగా ఉండాలి. మన దేశంలో లాగర్లలో ఖర్చు తగ్గించడానికి బియ్యపు నూకలు కలపడం మామూలే, అందులో తప్పేమీ లేదు. కానీ మీ బీరు పూర్తిగా మాల్టుతోనే కావాలంటే ఆ మాట కాగితం మీద ఉండాలి. మాల్టు ఏది, గోధుమ మాల్టు ఎంత శాతం, హాప్స్ పేరు, ఏ సంవత్సరం పంట, చేదు ఎన్ని ఐబీయూలు (చేదుని కొలిచే యూనిట్లు), మొదట్లో చక్కెర సాంద్రత ఎంత, చివర్లో ఎంత, కార్బన్ డయాక్సైడ్ లీటరుకి ఎన్ని గ్రాములు, సీసాలో ఆక్సిజన్ ఎంత దాటకూడదు, ఇవన్నీ. ఆల్కహాల్ శాతం ఒక్కటే రాసిన అగ్రిమెంట్లు నేను చూశాను. ఆహార భద్రతా సంస్థ నిబంధనల్లో 5 శాతం దాటి 8 దాకా ఉంటే స్ట్రాంగ్ బీరు. ఆ రెండింటి మధ్య ఎన్ని వందల రకాల బీర్లు పడతాయో ఆలోచించండి.

ఒక సంగతి చెప్తాను. నేను పనిచేసిన రోజుల్లో ఒక చిన్న బ్రాండు వాళ్ల లాగర్ ట్యాంకులో ఉంది. బీరు పులుస్తున్నప్పుడు ఈస్ట్ వల్ల డయాసిటైల్ అనే పదార్థం పుడుతుంది, చివర్లో దాన్ని మళ్లీ ఈస్టే తినేస్తుంది. అలా తినేదాకా ఆగకుండా చల్లబరిస్తే బీరులో వెన్న వాసన మిగిలిపోతుంది. లాగర్‌లో లీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటితే చాలామంది ముక్కుకి తెలుస్తుంది. పరీక్ష తేలిక: శాంపిల్‌ని మూతపెట్టి వేడినీళ్లలో అరగంట ఉంచి, చల్లార్చి, వాసన చూడటమే. ఆ శాంపిల్‌లో వెన్న స్పష్టంగా తెలిసింది. ఇంకా ఆగాలని నేను రిపోర్టులో రాశాను. అది ఏప్రిల్ నెల, తర్వాతి బ్యాచ్ ట్యాంకు కోసం కాచుకుని ఉంది. అగ్రిమెంటులో ఆల్కహాల్, రంగు, చేదు తప్ప ఇంకేమీ లేవు, ఆ మూడూ సరిగ్గానే ఉన్నాయి, కాబట్టి ఫిల్టరుకి పంపించేశారు. బ్రాండు వాళ్లు ఆ సరుకంతటికీ డబ్బు కట్టారు. అమ్ముడుపోక షాపుల్లోనే ఉండిపోయింది, వాళ్లు మళ్లీ ఆర్డర్ ఇవ్వలేదు. ఆ ఇద్దరు కుర్రాళ్లు ల్యాబుకి వచ్చి సీసా తెరిచి వాసన చూసిన రోజు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే మా వాడి డ్రాఫ్టులో నేను మొదట చేర్పించింది ఈ నిబంధన. ఫిల్టరుకి పంపే ముందు బ్రాండు మనిషి రుచి చూసి సంతకం పెట్టాలి. డయాసిటైల్ ఇంత దాటకూడదు. ప్రతి బ్యాచ్ నుంచి సీసాలు రెండు చోట్ల, బ్రూవరీలో కొన్ని, మన దగ్గర కొన్ని, సీలు వేసి దాచాలి. బ్యాచ్ బాగాలేదంటే ఎవరు తేల్చాలి, బయటి ల్యాబు ఏది, పారబోయాల్సి వస్తే ముడిసరుకు ఎవరి ఖాతాలో పడుతుంది, ఇవన్నీ రాసి ఉండాలి. పారబోయడం కూడా మన ఇష్టం కాదు, ఎక్సైజ్ అధికారి ముందు, అనుమతితోనే జరగాలి.

లేబుళ్ల సంగతి చాలామందికి తట్టదు. ట్రేడ్‌మార్కు మన పేరున రిజిస్టర్ చేయించుకోవచ్చు, బీరు 32వ తరగతిలోకి వస్తుంది. అది మనదే. కానీ ఏ రాష్ట్రంలో అమ్మాలన్నా ఆ రాష్ట్రపు ఎక్సైజ్ శాఖ దగ్గర లేబులు ఆమోదం పొందాలి, ఆ ఆమోదంలో తయారీదారు పేరూ ఉంటుంది. రేపు ఈ బ్రూవరీతో పొసగక ఇంకో చోటికి వెళ్తే ఆమోదాలు మళ్లీ మొదటి నుంచి. పాత బ్రూవరీ అభ్యంతరం లేదని కాగితం ఇవ్వడానికి నెలలు తిప్పితే మన బీరు షాపులో ఉండదు. పేరులో చిన్న మార్పు ఎంత పని చేస్తుందో బీరా విషయంలో అందరూ చూశారు. కంపెనీ పేరులో ప్రైవేట్ అనే మాట తీసేసినందుకు రాష్ట్రం రాష్ట్రంలో లేబుళ్లు మళ్లీ రిజిస్టర్ చేయించాల్సి వచ్చింది. నెలల తరబడి అమ్మకాలు దెబ్బతిని 2023-24లో ఆదాయం పడిపోయింది. అంత పెద్ద సంస్థకే అలా అయితే మా వాడి సంగతేమిటి? అందుకని విడిపోయేటప్పుడు ఎన్ని రోజుల్లో ఆ కాగితం ఇవ్వాలో, చేరేటప్పుడే రాయించుకోవాలి.

డబ్బు చివర్లో వస్తుంది, అదీ తిరిగి తిరిగి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో టోకు కొనుగోలు అంతా బెవరేజెస్ కార్పొరేషన్‌దే. మా వాడు ఒంగోలులో షాపువాడితో ఎంత స్నేహం చేసినా సరుకు నేరుగా అమ్మలేడు. కార్పొరేషన్ డబ్బు తయారీదారు ఖాతాలో వేస్తుంది. బ్రూవరీ తన చార్జీలు పట్టుకుని మిగతాది బ్రాండుకి పంపుతుంది. ఆ మధ్య కాలంలో వాళ్లకి ఏ బ్యాంకు అప్పు మీద పడ్డా మన డబ్బు అందులోకి పోయే ప్రమాదం ఉంది. ఉమ్మడి ఎస్క్రో ఖాతా, అంటే ముందే రాసుకున్న షరతుల ప్రకారమే బ్యాంకు డబ్బు వదిలే ఖాతా, పెట్టించుకోమన్నది అందుకే. అసలు కార్పొరేషన్లు ఆలస్యం చేస్తే చిన్నవాడు తట్టుకోలేడు. 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ బీరు చేసే యునైటెడ్ బ్రూవరీస్ లాంటి సంస్థే బకాయిలు రాలేదని, 2019-20 నుంచి తమకిచ్చే ధర పెంచలేదని చెప్పి తెలంగాణకి సరఫరా ఆపేస్తున్నామని ప్రకటించింది. వాళ్లు ఆపితే ప్రభుత్వం మాట్లాడుతుంది. మనం ఆపితే ఎవరికీ తెలియదు.

పన్ను సంగతి ఒక్క ముక్కలో: మద్యం జీఎస్టీ బయట ఉంది గానీ బ్రూవరీ చేసిపెట్టే పని లోపలే ఉంది. 2021 సెప్టెంబరులో లక్నోలో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం ఇలా ఇంకొకరికి చేసిపెట్టే పనికి (జాబ్ వర్క్) 18 శాతం అని తేల్చింది. బీరు మీద జీఎస్టీ లేదు కాబట్టి కట్టిన ఈ పన్ను తిరిగి రాదు. మా వాడు వేసుకున్న కేసు ధరలో ఇది లేదు. చేర్చుకోమన్నాను.

నెల్లూరు జిల్లాలో కూర్చుని బీరు గురించి ఇంత రాయడం మా అమ్మకి నచ్చలేదు. ఆమె పుట్టిల్లు కలిగిరి మండలం. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమెతోపాటు ఆ ఊరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన రోజులు ఆమె కళ్లతో చూసింది. 1993లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ ఆడవాళ్లు అడిగింది న్యాయమని నేను నమ్ముతాను. కూలి డబ్బు ఇంటికి రాకుండా సారా కొట్టులో ఆగిపోతే పిల్లలకి అన్నం ఉండదు. మా వాడితో ఈ మాట మొదటే అన్నాను, చవకగా ఎక్కువ తాగించే బీరు చేస్తానంటే నేను సాయం చేయనని. వాడు చేస్తానంటున్నది ఐదు శాతం లోపు బీరు.

ఆ చరిత్ర వల్ల ఇంకో నిబంధన కూడా అవసరమని నాకు తోచింది. ప్రభుత్వ నిర్ణయంతో అమ్మకం ఆగిపోతే ట్యాంకులో ఉన్న బీరు నష్టం ఎవరిది? మన రాష్ట్రంలో ఇది ఊహించుకుని అడిగే ప్రశ్న కాదు. నిషేధం చూశాం. 2019 అక్టోబరులో షాపులన్నీ ప్రభుత్వం చేతిలోకి వెళ్లాయి, జనానికి అలవాటైన బ్రాండ్లు చాలా కనిపించకుండా పోయాయి. 2024 అక్టోబరులో 3,396 ప్రైవేటు షాపులతో మళ్లీ పద్ధతి మారింది. ఇలా మారే చోట ఇతర రాష్ట్రాల అగ్రిమెంటు నమూనా తెచ్చి పేర్లు మార్చి సంతకాలు పెట్టడం నాకు భయంగా ఉంటుంది.

ఇప్పుడు వాడి దగ్గరున్న డ్రాఫ్టులో బ్రూవరీ వాళ్లు రుచి చూసి సంతకం పెట్టే నిబంధన ఒప్పుకున్నారు, శాంపిల్ సీసాలు ఒప్పుకున్నారు. గాస్కెట్ల ఖర్చు మా వాడు ఒప్పుకున్నాడు. ఎస్క్రో ఖాతా గురించి వాళ్ల ఆడిటర్‌ని అడిగి చెప్తామన్నారు. ఎండాకాలం ట్యాంకు తేదీల దగ్గర మాత్రం "వీలును బట్టి" అనే మాట అలాగే ఉంచారు. ఆ రెండు మాటలు కొట్టేసి, వాటి చోట నెలా తేదీ రాసేదాకా సంతకం పెట్టవద్దని నిన్న రాత్రి కూడా ఫోన్లో చెప్పాను. "సరే పిన్నీ, సోమవారం వెళ్లి కూర్చుంటాను" అన్నాడు.